బడికొచ్చిన పరికరం, పాఠంలోకొచ్చేదాకా

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లి బడిలో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు అందాయి. పిల్లలకూ టీచర్లకూ కలిపి రాష్ట్రమంతటా ఐదు లక్షలకు పైగా పంచే కార్యక్రమానికి తెనాలి పక్కనున్న ఈ పల్లెలోనే శ్రీకారం చుట్టారు. సభ ముగిశాక టీచర్లకు మిగిలిన ప్రశ్న ఒక్కటే: దీంతో పాఠం ఎలా చెప్పాలి? కృష్ణా డెల్టా బడుల్లో ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్ల వయసుంది. పరికరాలు చాలావరకు పైనుంచి వచ్చాయి. వాటిని పాఠంలో కలుపుకునే పని మాత్రం ఎప్పటికప్పుడు పంతుళ్ల మీదే పడింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్క తీయించాడు. మచిలీపట్నం జిల్లాలో 484, గుంటూరు జిల్లాలో 574 బడులున్నట్టు కలెక్టర్లు రాసి పంపారు. వీటిలో ఎక్కువ వీధిబడులే. అరుగు మీదో చెట్టు కిందో ఇసుక పరిచి, పిల్లవాడి వేలు పట్టుకుని అయ్యవారు ఓనమాలు దిద్దించేవాడు. అక్షరం కుదిరాక చెక్క పలక. బొగ్గుపొడీ ఆకు పసరూ కలిపి రుద్ది దాన్ని నల్లగా చేసుకోవడం పిల్లల పనే. చెయ్యి తిరిగాక తాటాకూ గంటమూ. అయ్యవారికి జీతమంటూ నికరంగా ఉండేది కాదు. దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే వచ్చే కానుకలు ఆయన రాబడిలో ముఖ్యమైనవి.

ఆ ఇసుక సీమదాకా వెళ్లింది. 1790ల్లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి తన బడిలోనూ అదే పెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించే పద్ధతితో పాటు దీన్నీ వివరిస్తూ 1797లో లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. తర్వాత ఇంగ్లండులో పేదపిల్లల బడుల్లోకి ఇసుక బల్లలు వచ్చాయి.

ఎదురుదారిలో నల్లబల్ల వచ్చింది. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లీషు బడి తెరిచాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఇలాంటి మిషన్ బడులు, సర్కారు బడులు పెరిగిన కొద్దీ ఒక్కో పిల్లవాడి దగ్గర కూర్చుని దిద్దించే పద్ధతి వెనక్కి పోయి, తరగతి మొత్తానికీ ఒకేసారి చెప్పే పద్ధతి స్థిరపడింది. పంతులు లేచి నిలబడ్డాడు, సుద్దముక్క అందుకున్నాడు. పిల్లల చేతికి రాతి పలకలొచ్చాయి, వాటికి మార్కాపురం పేరుమోసింది. మచిలీపట్నంలోనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యలు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల మాత్రం వేరే దారి తొక్కింది. అక్కడ మగ్గమూ యంత్రాలూ పాఠానికి తోడు తెచ్చిన వస్తువులు కావు, అవే పాఠాలు. ఆ పని చేతనైనవాడే అక్కడ గురువు.

తర్వాతి పరికరం రేడియో. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. గొంతు ఎంత స్పష్టంగా వినిపించినా రేడియో పాఠానికి ఒక ఇబ్బంది ఉంది. అది బడి గంటతో పని లేకుండా తన వేళకు తాను వస్తుంది, అర్థం కాలేదంటే ఆగదు. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ప్రాథమిక బడుల కోసం 'విందాం నేర్చుకుందాం' ప్రసారమైనప్పుడు పాఠానికి ముందు పిల్లల్ని సిద్ధం చేయడం, తర్వాత ఆ మాటల్ని బల్ల మీదకు ఎక్కించడం టీచర్ల వంతైంది. అంతకుముందు 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చేర్చిన 'సైట్' ప్రయోగంలోనూ ఇంతే. వెనకబడిన జిల్లాలనే ఎంచుకోవడంతో డెల్టాకు ఆ అనుభవం దక్కలేదు.

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు బళ్లకు పటాలు, గ్లోబులు, సైన్సు కిట్లు పంపింది. పగిలితే లెక్క చెప్పాల్సింది హెడ్మాస్టరే కనుక చాలాచోట్ల అవి బీరువా దాటలేదు.

అదే కాలంలో బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పని మరోచోట మొదలుపెట్టింది. 1980ల్లో కొద్ది బడుల్లో పరీక్షించి, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించిన ఈ పథకం వస్తువుల కంటే ముందు ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కూడేవారు. ఒకరు పాఠం చెబితే మిగతావాళ్లు చూసి తప్పొప్పులు చెప్పేవారు. చింతగింజలు, అగ్గిపుల్లలు, పాత క్యాలెండర్లతో బోధన సామగ్రి తయారయ్యేది. 'టీఎల్ఎం' అన్న మాట టీచర్ల నోట నానింది ఆ రోజుల్లోనే. తర్వాత సర్వశిక్షా అభియాన్ ఒక్కో టీచరుకు ఏడాదికి ఇచ్చిన 500 రూపాయలతో చార్టులు, స్కెచ్ పెన్నులు, అట్టలు వచ్చేవి. చెయ్యి తిరిగిన టీచరుకు అవి బాగానే సరిపోయేవి.

కంప్యూటరు వచ్చేసరికి ఆ వరస తప్పింది. 1984లో కేంద్రం 'క్లాస్' పథకం కింద దేశంలో ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2008లో ఉమ్మడి రాష్ట్రం 5 వేల ఉన్నత పాఠశాలల్లో ల్యాబులు పెట్టించి, నడిపే బాధ్యతను ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. కంప్యూటరు చెప్పడానికి కాంట్రాక్టు బోధకులు వచ్చారు. దాంతో లెక్కల మాస్టారికీ తెలుగు టీచరుకూ ఆ గదితో పని లేకపోయింది. ఒప్పందం గడువు తీరి బోధకులు వెళ్లిపోయాక చాలా ల్యాబులకు తాళాలు పడ్డాయి.

తాళం తీసింది కరోనా. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక విజయవాడ నుంచి నడిచే దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం, విద్యావారధి పాఠాలు ప్రసారమయ్యాయి. సుద్దముక్క తప్ప మరొకటి పట్టని టీచర్లు ఫోను నిలబెట్టి పాఠం రికార్డు చేయడం, వాట్సాప్ గ్రూపులో హోంవర్కు దిద్దడం నేర్చుకున్నారు. చాలామందికి గురువులు ఇంట్లో పిల్లలే. ఆ అక్టోబరులో టీచర్లకిచ్చే 'నిష్ఠ' శిక్షణ కూడా దీక్షా యాప్‌లోకి వచ్చింది.

1996 డీఎస్సీలో ఎంపికై, అంగలూరు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) చుట్టుపక్కల పనిచేసే టీచరు సర్వీసులో 1990ల చివరి నుంచి వచ్చిన ఈ మార్పులన్నీ ఇమిడిపోతాయి. అట్టముక్కల నుంచి మొదలుపెట్టిన ఆ చెయ్యే ఇప్పుడు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద వచ్చిన పెద్ద తెర మీద గుండె బొమ్మ గీస్తోంది. తొలి విడతలోనే ఉన్నత పాఠశాలలకు ఇలాంటి తెరలు 30 వేలకు పైగా వచ్చాయి. సుద్దతో గీసినప్పుడు పై గదులు, కింది గదులు, బాణాలు పూర్తయ్యేసరికి సగం పీరియడ్ గడిచేది, గంట కొట్టగానే బొమ్మ చెరిపేయాల్సి వచ్చేది. తెర మీద గీసింది దాచుకుని మర్నాడు అక్కడి నుంచే అందుకోవచ్చు. రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో పిల్లవాణ్నే పిలిచి వేలితో గీయించవచ్చు. వీడియో పెట్టి కుర్చీలో కూర్చునే దశ దాటి ఇంతవరకు రావడానికి టీచర్లు తమకు తామే చిన్న గడువులు పెట్టుకుంటున్నారు: ఈ నెల బొమ్మ గీసి దాచడం, వచ్చే నెల నాలుగు ప్రశ్నల క్విజ్ తయారుచేయడం, అర్ధసంవత్సర పరీక్షలలోపు ఒక పాఠమంతా సొంతంగా రూపొందించడం.

ఆ గడువులకు పోటీగా మరో తెర ఉంది. 2022 ఆగస్టులో ముఖం గుర్తించే హాజరు యాప్ వచ్చినప్పుడు సొంత ఫోన్లు వాడమనడంపై ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు అప్‌లోడ్ చేయడం అప్పటికే టీచర్ల దినచర్యలో చేరిపోయింది. ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ మాతృసంస్థపై 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠం తానే తయారుచేసుకోవడం నేర్చిన టీచరుకు దానితో పెద్దగా ఆగిందేమీ లేదు. స్కూల్ కాంప్లెక్సు సమావేశానికి ఆ పాఠాన్ని పెన్‌డ్రైవులో వేసుకెళ్తే పక్క ఊరి టీచరు కాపీ చేసుకుని, బొమ్మలు మార్చి, తన తరగతిలో వాడుకుంటుంది.