సృష్టి: ఒకే మాట, వేర్వేరు అర్థాలు

ఇంగ్లీషు 'క్రియేషన్'ను తెలుగు చేయబోయినప్పుడల్లా నా కలం 'సృష్టి' దగ్గర ఆగిపోతుంది. వేదాంతి, ఖగోళ శాస్త్రజ్ఞుడు, కవి ముగ్గురూ ఆ మాటే వాడతారు; చెప్పేది మాత్రం ఒకటి కాదు. ఈ గందరగోళమే ఒకప్పుడు ఒక పోప్‌ను, ఒక ఫాదర్‌ను చెరోవైపు నిలబెట్టింది.

బెల్జియం దేశస్థుడు జార్జ్ లెమైత్రె కాథలిక్ మతగురువు, భౌతిక శాస్త్రజ్ఞుడు కూడా. విశ్వం వ్యాకోచిస్తోందని ఐన్‌స్టైన్ సమీకరణాల ఆధారంగా 1927లో వాదించాడు. 1931లో మరో అడుగు వేసి, విశ్వమంతా ఒకే ఒక్క 'ఆదిమ పరమాణువు' నుంచి మొదలై ఉండవచ్చన్నాడు. 1951 నవంబరులో పోప్ పన్నెండవ పయస్, ఆధునిక శాస్త్రం సృష్టికర్తకు సాక్ష్యం పలుకుతోందన్న అర్థం వచ్చేలా ప్రసంగించారు. సంతోషించవలసిన లెమైత్రె ఇబ్బందిలో పడ్డాడు. రేపు ఈ సిద్ధాంతం తప్పని తేలితే దానికి ముడిపెట్టిన విశ్వాసం గతేమిటి? అసలు ఆయన దృష్టిలో తన సిద్ధాంతానికీ, మతానికీ సంబంధమే లేదు. వాటికన్ వేధశాల అధిపతి ఓకానెల్‌తో ఈ సంగతి మాట్లాడాడు. 1952 సెప్టెంబరులో రోమ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుల ముందు ప్రసంగించినప్పుడు పోప్ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తమాషా ఏమిటంటే, 'సృష్టి' అన్న మాటను భౌతికశాస్త్రంలో బాహాటంగా వాడినవాడు ఆనాటికి నాస్తికుడైన ఫ్రెడ్ హాయిల్. విశ్వానికి మొదలే లేదనీ, వ్యాకోచం వల్ల పలచబడే చోట కొత్త పదార్థం పుడుతూనే ఉంటుందనీ 1948లో ప్రతిపాదించాడు. ఎంత పదార్థం? ఘనమీటరు చోటులో వందకోట్ల ఏళ్లకు సుమారు ఒక హైడ్రోజన్ పరమాణువు! ఆ పుట్టుకకు 'సృష్టి క్షేత్రం' పేరుతో గణితరూపమిచ్చే పనిలో 1960లలో మన జయంత్ నార్లికర్ ఆయనకు తోడయ్యారు. ఇక్కడ సృష్టి అంటే లెక్కకు లొంగే ఒక ప్రక్రియ. కర్త ప్రసక్తి లేదు.

మన ధాతువు మరోదారి చూపిస్తుంది. 'సృజ్' అంటే వెలువరించడం, విడిచిపెట్టడం. 'విసర్జన'కూ మూలం అదే! శూన్యం నుంచి చేయడమన్న అర్థం అందులో లేదు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తమైతే ఇదంతా ఎలా పుట్టిందో ఎవరికి తెలుసునని అడిగి, జవాబు చెప్పకుండానే ముగుస్తుంది. తిక్కనను కవిబ్రహ్మ అన్నాం. ఆయన చేతికి వ్యాసుడి కథ, నన్నయ దిద్దిన భాష ముందే అందాయి. ఆ ముడిసరుకుతోనే పదిహేను పర్వాలు వెలువరించాడు.

హాయిల్ విశ్వానికి గట్టి దెబ్బ 1965లో తగిలింది. ఆకాశం నలువైపుల నుంచీ వస్తున్న సూక్ష్మతరంగాలను పెంజియాస్, విల్సన్ కనిపెట్టారు. 1966లో మరణానికి కొద్దిరోజుల ముందు, ఆస్పత్రి మంచం మీద లెమైత్రెకు ఆ వార్త చేరింది.