బైనాక్యులర్: రెట్ల కన్నా వెలుతురు ముఖ్యం

నెల్లూరు జిల్లాలోని సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలు. అంత నీటి మీద పక్షుల్ని చూడాలంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తే అంత మంచి బైనాక్యులర్ అనుకుంటారు కొనేవాళ్లు. దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే, తయారీదారులు ఎక్కువగా తంటాలు పడింది చూపు వెడల్పు కోసం, వెలుతురు కోసం. 1608లో హాలెండ్‌లో కళ్లద్దాలు చేసే హాన్స్ లిపర్షే దూరదర్శినికి పేటెంటు అడిగితే, రెండు కళ్లతో చూసేది చేసి తెమ్మంది అక్కడి ప్రభుత్వం. అప్పటి అమరికలో బొమ్మ నిటారుగానే కనిపించేది గానీ, రెట్లు పెంచేకొద్దీ చూపు ఇరుకయ్యేది. కెప్లర్ 1611లో చెప్పినట్టు కంటివైపు కుంభాకార కటకం పెడితే చూపు విశాలమైంది, బొమ్మ తలకిందులైంది. ఇటలీవాడు ఇగ్నాజియో పోరో 1854లో పట్టకాలతో దాన్ని సరిచేశాడు. అందుకు తగిన గాజు మాత్రం ఆనాడు లేదు. జర్మనీలోని యెనాలో ఒట్టో షాట్ మేలురకం గాజు తయారు చేశాక, ఎర్న్‌స్ట్ అబ్బె రూపకల్పనతో జైస్ కంపెనీ 1894లో పట్టకాల బైనాక్యులర్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాతా ఒక లోటు మిగిలింది. గాలి తగిలే ప్రతి గాజు తలం దగ్గరా సుమారు 4 శాతం వెలుతురు వెనక్కి పోతుంది. పది తలాలుంటే మూడో వంతు పోయినట్టే. 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా కటకాలకు పలుచని పూత వేసి ఆ నష్టాన్ని బాగా తగ్గించాడు.

8×42 అంటే 8 రెట్లు, ముందు కటకం 42 మి.మీ. భాగిస్తే 5.25 మి.మీ.; కంటికి చేరే వెలుతురు వలయం అంత వెడల్పు. 10×25లో అది రెండున్నరే. మిట్టమధ్యాహ్నం కంటిపాప చిన్నదవుతుంది కనుక తేడా తెలియదు. పక్షులు చురుగ్గా తిరిగే తెల్లవారుజామున, సందెవేళ పాప విచ్చుకుంటుంది. అప్పుడు చిన్న వలయంలో పక్షి నల్లటి నీడే. అవతలి ఒడ్డు దూరం కదా, 16 రెట్లు వద్దా అంటే, రెట్లతోపాటు చేతి వణుకూ పెరుగుతుంది, నెల్లూరు ఎండకు నీటి మీద రెపరెపలాడే సెగా పెద్దదవుతుంది. అంత దూరానికి స్టాండు మీద టెలిస్కోపే దారి. పోనీ 7×50 తీసుకుంటే? వలయం 7 మి.మీ. దాటుతుంది, కానీ వయసు పైబడ్డ కంటిపాప అంత విచ్చుకోదు. మెడకు బరువు మాత్రం తప్పదు.

అంకెలు ఒకటే అయినా గాజు ఒకటే కాదన్న మాట నిజం. అందుకే కొట్లోనే రెండు పరీక్షలు చేయాలి. బైనాక్యులర్‌ను చేయిచాచి వెలుతురు వైపు పట్టుకుంటే కంటివైపు కటకంలో తెల్లటి వలయం కనిపిస్తుంది. దాని అంచులు పలకలుగా కోసినట్టుంటే పట్టకాల గాజు చౌకరకం. ముందు కటకంలో ట్యూబులైటు నీడ ఊదాగానో ఆకుపచ్చగానో ఉంటే పూత ఉన్నట్టు, తెల్లగా మెరిస్తే లేనట్టు. డబ్బా మీద పెద్ద అంకెకు పెట్టే డబ్బు ఈ రెండూ నెగ్గిన 8×42కి పెట్టడం మేలు.