అలిపిరి కింద ఆరిపోయిన మేతబీడు

తిరుమల స్థలకథ ఆవు మేతతో మొదలవుతుంది. చోళరాజు మందలోని ఆవొకటి రోజూ కొండెక్కి, పుట్టలో పాలు ధార విడిచి వచ్చేది. పాలేమవుతున్నాయో కనిపెట్టడానికి కాపరి వెంట వెళ్లాడు. చూసి, కోపం పట్టలేక గొడ్డలెత్తాడు. పుట్టలోంచి లేచిన స్వామి ఆ దెబ్బను తన తలమీద కాచుకున్నాడు. నెత్తురు చూసిన కాపరి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ఆవు బతికింది, దేవుడు వెలిశాడు, కాపరి పోయాడు. కొండ కింద నిజంగా నడిచిన చరిత్ర కూడా ఈ మూడు ముక్కలే.

తిరుమల మెట్లదారి మొదలయ్యే అలిపిరి దగ్గర శేషాచలం గోడ కట్టినట్టు లేస్తుంది. పైన గట్టి క్వార్ట్‌జైట్ పొరలు, వాటి అడుగున అంతకన్నా ఎంతో పాతదైన గ్రానైట్. రెండింటికీ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు ఘాట్ రోడ్డు మలుపులో చూపిస్తారు. ఆ కొండ చరియల నుంచి రాలిన గులకతో ఏర్పడింది కింది గరపనేల. కయ్య కట్టి వరి నాటడానికి ఒప్పుకోని నేల అది. వరి దిగువన, చెరువుల కిందా స్వర్ణముఖి ఒడ్డునా పండేది. ఎగువన రేగు, పరికి, తుమ్మ, వాటి సందుల్లో కసువు. అక్టోబరు, నవంబరు వానలు దండిగా పడితే ఆ కసువు మోకాలెత్తు పెరిగేది. ఎండల్లో అది మాడిపోయాక గొడ్లను నీళ్లున్న కోనల్లోకి తోలుకుపోవాల్సిందే. దిగువ సేద్యానికి, ఎగువ మేతకు. ఈ పంపకం ఎవరూ రాసింది కాదు, నేల చేసింది.

అలిపిరి నిండా జనమున్న ఊరు కాదు. పాదాల మండపం, గోపురం, యాత్రికులు మోకాళ్లు ఆనించే తలయేరు గుండు, అక్కడి నుంచి పైకి 3,550 మెట్లు. నడవలేని వాళ్లకు డోలీలు. ఇంతే. కానీ ఆ కొండకు పాలూ పెరుగూ అందించిన కులం గుర్తు పైన ఇంకా ఉంది. మహాద్వారానికి ఎదురుగా నిలిచిన గొల్ల మండపాన్ని, పెరుగు అమ్ముకునే ఒక గొల్ల స్త్రీ కట్టించిందని చెప్పుకుంటారు. ఈనాటికీ వేకువన బంగారు వాకిలి తెరిచే వేళ ముందు నిలిచేవాడు సన్నిధి గొల్ల. ప్రాణం పోయిన కాపరి వంశానికి స్వామి ఇచ్చిన తొలి దర్శనం అది అంటారు.

తొలి దర్శనం దక్కింది గాని మేత దక్కలేదు.

మొదటి దెబ్బ కాగితం మీద పడింది. 1871లో పశువుల అక్రమ ప్రవేశ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. తాతల నాటి మేత రిజర్వు అడవి అయింది. గొడ్డు లోపలికి పోవాలంటే పర్మిటు, దానికి పుల్లరి. హద్దు దాటితే బందెలదొడ్డి. ఈ పుల్లరి మీద తిరగబడినందుకే పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకీ గుండ్లకు బలయ్యాడు. ఆ అటవీ చట్టమే శేషాచలం అంచునా నడిచింది.

తర్వాతి దెబ్బలన్నీ మంచి పనుల రూపంలో వచ్చాయి. 1944లో అలిపిరి నుంచి మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు, 1974లో రెండోది వచ్చింది. 1954లో కొండ కింద శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మరుసటి ఏడే పశువైద్య కళాశాల వచ్చాయి. గొడ్ల రోగాలు కుదిర్చే చదువు ఊళ్లోకి వచ్చిన కాలంలోనే గొడ్లు మేసే చోటు తరగడం మొదలైంది. ఆస్పత్రులు, సత్రాలు, బస్సుల నిలుపుదల స్థలాలు, ఇళ్ల ప్లాట్లు కొండ పాదం దాకా పాకాయి. 1987లో 5,532 ఎకరాల జంతుప్రదర్శనశాల వచ్చింది. 1989లో కొండలు శ్రీవేంకటేశ్వర జాతీయ వనమయ్యాయి. జాతీయ వనంలో పెంపుడు పశువు మేయకూడదని 1972 వన్యప్రాణి చట్టం తేల్చిచెబుతుంది. పుల్లరి కాలంలో డబ్బు కడితేనైనా తెరుచుకున్న తలుపు అక్కడితో మూసుకుపోయింది.

ఇందులో ఏ ఒక్కదాన్నీ తప్పనలేం. బిడ్డల చదువు వద్దనేదెవరు? అడవిని కాపాడవద్దనేదెవరు? అయితే ప్రతి మేలుకూ నేల కావాల్సి వచ్చినప్పుడు, వేలు వెళ్లింది మేతబీడు మీదికే. పొలానికి పట్టా ఉంది, ఇంటికి పత్రం ఉంది. మేతకు అలవాటు తప్ప ఆధారం లేదు. మేకల మంద పోకూడదన్న ఆ అడవిలోకి ఎర్రచందనం కోసం గొడ్డళ్లు మాత్రం పోయాయి. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలంలోనే పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు.

ఈ పక్కనే పుట్టిన పుంగనూరు ఆవుదీ ఇలాంటి కథే. సుమారు మూడడుగుల ఎత్తు, చిక్కటి పాలు, మెట్ట కసువుతో సరిపెట్టుకునే కడుపు. బీళ్లు తగ్గి, జెర్సీ సంకరం పెరిగి, ఆ జాతి అంతరించే అంచుకు చేరింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం పట్టి నిలపకపోతే ఈపాటికి ఫొటోల్లోనే మిగిలేది. ఇప్పుడది కలవారి వాకిళ్లలో ముద్దుల పెంపకం.

2021లో అలిపిరి పాదాల చెంత సప్త గో ప్రదక్షిణ మందిరం తెరిచారు. భక్తులు ఆవు చుట్టూ తిరిగి, మేత తినిపించి, మొక్కి కొండెక్కుతారు. ఆవుకు ఏ లోటూ లేదు. మేతకు పోయే ఆవు, దాని వెనక కర్ర పట్టుకుని నడిచే మనిషి, ఆ ఇద్దరూ తిరిగిన నేల మాత్రం లేవు. ఆవును నేల నుంచి విడదీసి పూజించడం మనకు చేతనైంది. కాపరి బతుకును నిలపడం చేతకాలేదు.

అలిపిరి బీడు ఇక తిరిగి రాదు. చంద్రగిరి, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు ఊళ్లలో మేత పోరంబోకులు ఇంకా అక్కడక్కడా మిగిలాయి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. గోదానం చేసే ప్రతి భక్తుడూ ఒక్కసారి తన ఊరి రెవెన్యూ కార్యాలయానికి వెళ్లి, మేత పోరంబోకు ఏ సర్వే నంబరులో ఉందో, ఇప్పుడెవరి చేతిలో ఉందో అడగాలి. ఆ నేల నిలిస్తేనే ఆ దానానికి అర్థం.