పెద్ద బండి పుట్టుపూర్వోత్తరాలు

సెకండ్‌హ్యాండ్‌లో ఏడుగురు పట్టే బండి కొనాలనుకునేవాళ్ళు ముందు మైలేజీ అడుగుతారు, తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతారు. నన్నడిగితే ఈ రెండింటికన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. అసలు ఈ బండిని మొదట ఎవరికోసం తయారుచేశారు?

మన ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తేం కాదు. పదేళ్ళ క్రితం ఎవరో వేరే అవసరానికి రాసిన మాడ్యూల్ మన నెత్తిన పడితే, అది ఎందుకలా ఏడుస్తుందో తెలియాలంటే మొదటి క్లయింట్ ఎవరో తెలుసుకోవాలి కదా. మన దేశంలో పెద్ద బండ్లు కూడా అచ్చం అలాగే వచ్చాయి. వాటి మొదటి క్లయింట్ కుటుంబం కాదు.

నాకిది ఎందుకు పట్టిందంటే, మా ఇంట్లో లెక్క ఏడు. అమ్మా నాన్నా, అక్కా బావా, వాళ్ళ పిల్లలిద్దరు, నేను. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎత్తైన బండి ఎక్కలేరు. మూడో వరసలో కూర్చునేది పిల్లలు, అంటే వెనకనుంచి ఏదన్నా గుద్దితే ముందు తగిలేది వాళ్ళకే. కొత్తది కొనేంత బడ్జెట్ లేదు. నెలరోజులుగా పాత బండ్లు చూస్తుంటే అర్థమైంది, ఇది ఆటోమొబైల్ ఇంజనీరింగ్ కన్నా ఎక్కువగా చరిత్ర సబ్జెక్టు అని.

జీపుతో మొదలుపెడదాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపుని స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది మహీంద్రా. ఆ కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్, చేసేది ఉక్కు వ్యాపారం. భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ దేశ విభజనతో పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థికమంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. పెద్ద బండి కథలో దేశ విభజన కూడా ఉందన్నమాట!

జీపు కొన్నది సైన్యం, పోలీసులు, అటవీశాఖ, బీడీవోలు, ఎన్నికలొస్తే పార్టీలు. అది పాతబడ్డాక ఊళ్ళ మధ్య సర్వీసు తిరిగేది. ప్యూజో వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకున్న డీజిల్ ఇంజన్ మహీంద్రా బండ్లలోకి వచ్చాక ఈ సర్వీసు వ్యాపారం బాగా గిట్టింది. కమాండర్ జీపులు, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళ ట్రెక్కర్లు, బజాజ్ టెంపో వాళ్ళ ట్రాక్స్‌లు.. లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు, టాపు మీద మూటలు, మూటల మీద ఇంకో ఇద్దరు. కూర్చునేవాడి నడుము గురించి ఆలోచించిన డిజైనర్ ఒక్కడూ లేడు. టికెట్ కొనేవాడికి వేరే దారి లేనప్పుడు ఎందుకు ఆలోచిస్తాడు?

మరి కుటుంబాలు? 1983లో మారుతి 800 వచ్చేదాకా అంబాసిడర్, ఫియట్ తప్ప పెద్దగా ఏమీ లేవు. ఉమ్మడి కుటుంబం తిరుపతి వెళ్ళాలంటే అద్దె బండి మాట్లాడుకోవడమే. పెద్ద బండి అంటే సొంతానికి కాదు, కిరాయికి అనే ఆలోచన అలా స్థిరపడిపోయింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

1994లో టెల్కో (అంటే ఇప్పటి టాటా మోటార్స్) సుమోని తెచ్చింది. జపాన్ మల్లయోధుల పేరు పెట్టారనుకుంటాం గానీ కాదు. టెల్కోని నిలబెట్టిన సుమంత్ మూల్గావ్కర్ పేరులోనూ ఇంటిపేరులోనూ మొదటి అక్షరాలు కలిపారు. ఆయన 1989లోనే పోయారు. బండి మాత్రం పక్కా టెల్కో సరుకు. టాటామొబైల్ పికప్‌లో ఉన్న 1948 సీసీ డీజిల్ ఇంజనే ఇందులోనూ, నిచ్చెనలాంటి ఛాసిస్ మీద డబ్బాలాంటి బాడీ. లారీలు చేసే కంపెనీ కారు చేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉండేది. పదిమంది పట్టేవారు, వెనకాల నలుగురు ఎదురెదురుగా అడ్డంగా కూర్చునే సీట్లలో. మూడేళ్ళలోనే లక్ష అమ్ముడయ్యాయి.

మన తెలుగువాళ్ళకి సుమో అంటే ఇంకోటి కూడా గుర్తొస్తుంది కదా! 1999లో సమరసింహారెడ్డి ఆడాక వరసపెట్టి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో సుమో లేనిది ఫైటు లేదు. నా చిన్నప్పుడు ఊళ్ళోకి మూడు తెల్ల సుమోలు ఒకదాని వెనక ఒకటి వస్తే, అది పెళ్ళివాళ్ళదైనా సరే, జనం ఓసారి ఆగి చూసేవారు. పెద్ద బండికి దర్జా, కాస్త భయం అంటుకున్నాయంటే అందులో మన సినిమాల వాటా చాలా ఉంది. ఇవాళ్టికీ రాజకీయ నాయకుల కాన్వాయ్ చూస్తే ఆ వరస కనబడుతుంది. బండి పేరు మారింది, సుమో పోయి స్కార్పియో, అది పోయి ఇన్నోవా, తర్వాత ఫార్చ్యూనర్.

అసలు కథ మాత్రం 2000 జనవరిలో మొదలవుతుంది. టయోటా, కిర్లోస్కర్‌లు కలిసి బెంగుళూరు దగ్గర బిడదిలో పెట్టిన ఫ్యాక్టరీ నుంచి క్వాలిస్ వచ్చింది. ఇది కొత్త బండేం కాదు. ఇండోనేషియాలో 1977 నుంచీ కిజాంగ్ అనే బండి ఉంది. కిజాంగ్ అంటే వాళ్ళ భాషలో ఒక రకం జింక. ఆ కిజాంగ్‌లో 1986 నాటి మూడో తరం మోడల్‌కి మూతి మార్చి మనకిచ్చారు. అప్పటికే ఇండోనేషియాలో నాలుగో తరం బండి రోడ్ల మీద తిరుగుతోంది. వాళ్ళు వదిలేసిన వెర్షన్ మనకి రిలీజ్ చేశారన్నమాట. చూడ్డానికి బాలేదనీ, పాత సరుకనీ పత్రికలు రాశాయి. రెండూ నిజమే.

అయినా క్వాలిస్ సుమోని దెబ్బకొట్టింది. ఎందుకంటే అదే సమయానికి ఇంకో కొత్త క్లయింట్ పుట్టాడు. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ మొదలైంది. బెంగుళూరు అప్పటికే నిండుతోంది. కాల్ సెంటర్లు, రాత్రి షిఫ్టులు, అర్ధరాత్రి డ్రాపులు, తెల్లారుజామున పికప్‌లు. సిటీ బస్సు లేని వేళలో అమ్మాయిల్నీ అబ్బాయిల్నీ ఇంటి గుమ్మం దగ్గర దింపాలి. ఒక రూట్లో ఏడెనిమిది మంది. దానికి సరిగ్గా సరిపోయింది క్వాలిస్. మా మేనేజర్ల తరంలో ఎవర్ని కదిపినా ఒక క్వాలిస్ కథ చెబుతారు. కిటికీ పక్క సీటు కోసం పోట్లాటలు, నిద్రలో పక్కవాడి భుజం మీద వాలిపోవడాలు, అదే బండిలో పరిచయమై పెళ్ళి చేసుకున్న జంటలు. 'క్యాబ్' అనే మాట మన ఇళ్ళల్లోకి వచ్చింది కూడా అప్పుడే.

ఆ కథల్లో కనబడనివాడు డ్రైవరు. బండి ఫైనాన్సులో ఉంటుంది, నెలనెలా కిస్తీ కట్టాలి, ఆగితే డబ్బు రాదు. రాత్రి షిఫ్టు వాళ్ళని దింపి, పొద్దున షిఫ్టు వాళ్ళని ఎక్కించుకుని, మధ్యలో ఎయిర్‌పోర్టు ట్రిప్పు. బండికి విశ్రాంతి లేదు, తోలేవాడికీ లేదు. మన ఐటీ వైభవం గురించి పుస్తకాలు రాసేవాళ్ళు ఆ డ్రైవర్ల మీద కనీసం ఒక అధ్యాయం రాయాల్సింది.

క్వాలిస్ ఇంజన్ 2446 సీసీ, 75 హార్స్‌పవర్. టర్బో లేదు, కంప్యూటర్ లేదు, పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. రోజుకి ఇరవై గంటలు తిప్పినా లక్షల కిలోమీటర్లు తిరిగింది. టాక్సీవాళ్ళు ఒక బండికి చేసే టెస్టింగ్ ఏ క్యూఏ టీమూ చెయ్యదు. టయోటా అంటే చెడిపోదు అన్న నమ్మకాన్ని ఈ దేశంలో కట్టింది యాడ్స్ కాదు, ఆ నైట్ షిఫ్టులు. బండి బాగా అమ్ముడవుతుండగానే టయోటా దాన్ని ఆపేసి 2005 ఫిబ్రవరిలో ఇన్నోవా తెచ్చింది. టాక్సీ ముద్రలోంచి బయటపడాలనే ఆపేశారని నా అభిప్రాయం. ఇన్నోవాలో కామన్‌రైల్ డీజిల్ ఇంజను, 102 హార్స్‌పవర్, కారులాంటి సీట్లు. కుటుంబాలు కొన్నాయి. కానీ టాక్సీవాళ్ళు ఊరుకుంటారా, వాళ్ళూ కొన్నారు!

పాత బండి కొనేవాడికి చిక్కంతా ఇక్కడే ఉంది. ఇన్నోవా గట్టిదని రుజువు చేసింది టాక్సీలే, మార్కెట్లో మనకి తగిలే ఇన్నోవాల్లో చాలావాటిని అరగదీసిందీ టాక్సీలే. నమ్మకమూ అనుమానమూ ఒకే చోటినుంచి వస్తున్నాయి. "ఇన్నోవా అయితే కళ్ళు మూసుకుని కొనెయ్‌రా" అంటాడు మా బావ. నేను మాత్రం ఇన్నోవా విషయంలోనే కళ్ళు ఇంకాస్త పెద్దవి చేసి చూడాలంటాను. పసుపు ప్లేటు తెల్ల ప్లేటు అయిపోతుంది, ఓడోమీటర్ వెనక్కి తిరుగుతుంది. కానీ బ్రేకు పెడల్ రబ్బరు అరుగుదల, టాపు మీద క్యారియర్ బిగించిన బోల్టు రంధ్రాలు, మధ్య వరస సీటు కుంగడం అంత తేలిగ్గా దాగవు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 2002లో వచ్చిన స్కార్పియోని మహీంద్రా సొంత ఇంజనీర్లు తయారుచేశారు, మన పరిశ్రమకి అది నిజంగా గొప్ప విషయం. కానీ 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోని గుద్దించి చూస్తే పెద్దవాళ్ళ రక్షణకి సున్నా స్టార్లు వచ్చాయి. ఎత్తుగా, బరువుగా ఉంటే భద్రం అనుకోవడం సుమో సినిమాలు నేర్పిన పాఠమే తప్ప ఫిజిక్స్ కాదు. 2004లో వచ్చిన షెవర్లే టవేరా లోపల మంచి విశాలం. అయితే ఉద్గారాల పరీక్షల్లో అవకతవకలు బయటపడి 2013లో జనరల్ మోటార్స్ 1.14 లక్షల టవేరాలని వెనక్కి పిలిచింది. 2017లో కంపెనీ మన దేశంలో అమ్మకాలే ఆపేసింది. అంత చవగ్గా ఎందుకు దొరుకుతుందో ఇంక చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ నిర్ణయాలు కూడా పాత బండి ధరలో కూర్చుని ఉంటాయి. డీజిల్ ధర మీద ప్రభుత్వం నియంత్రణ 2014 అక్టోబరులో పోయింది. అప్పటిదాకా పెట్రోలుకీ డీజిల్‌కీ తేడా బాగా ఉండేది కాబట్టి, ఆ కాలపు పెద్ద బండ్లన్నీ దాదాపు డీజిల్‌వే. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదంది, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే బలపరిచింది. ఫలితం ఏంటంటే, అక్కడి బండ్లు ఎన్‌ఓసీ తీసుకుని మిగతా రాష్ట్రాలకి ప్రయాణం కట్టాయి. హైదరాబాదు డీలరు దగ్గర 'ఒకే ఓనరు, ఢిల్లీ బండి, అద్దంలా ఉంది' అని వినబడితే వెనకున్న కథ అదే. బండి బాగానే ఉండొచ్చు. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్సు కలుపుకుంటే మాత్రం ఆ చవకదనం చాలావరకు ఆవిరైపోతుంది.

ఇక నా లెక్క. ఇన్నోవా క్రిస్టా 2016లో వచ్చింది, బండి మీద వంక పెట్టలేను. కానీ పదేళ్ళకి దగ్గరపడుతున్న క్రిస్టాకి చెప్పే ధరకి దాదాపు కొత్త ఎర్టిగా వస్తుంది. ఎర్టిగాలో ఏడుగురు ఎక్కితే సామాను ఒళ్ళో పెట్టుకోవాలి. అందుకని మార్కెట్ మర్చిపోయిన పేర్ల వైపు వెళ్ళాను. 2017లో వచ్చి 2020లో ఆగిపోయిన టాటా హెక్సా ఒకటి, 2018లో వచ్చిన మహీంద్రా మరాజో ఇంకోటి. రెండూ సరిగ్గా అమ్ముడవలేదు. టాక్సీవాళ్ళు పెద్దగా నమ్మలేదు, కాబట్టి అంతగా అరగదీయలేదు కూడా! హెక్సా దృఢంగా ఉంటుంది కానీ నాన్న ఎక్కలేరు. మరాజో కాస్త కిందకి ఉంటుంది, మూడో వరసలో పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా కూర్చోగలరు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు స్టార్లు తెచ్చుకుంది. దాని 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్నే కంపెనీ ఎక్స్‌యూవీ300లోనూ వాడింది కాబట్టి ఇంజన్ భాగాల గురించి నాకు బెంగలేదు. తలుపు, బంపరు, హెడ్‌లైటు లాంటివి ముందుముందు దొరకడం కష్టం కావచ్చు, ఆ మేరకి ధరలో బేరమాడాలి. అమ్మేటప్పుడు మనకీ అంతే తక్కువొస్తుంది, అందుకని ఏడెనిమిదేళ్ళు ఉంచుకునేవాళ్ళకే ఇది.

ఇప్పుడు రెండు మరాజోలు చూసి పెట్టాను, రెండూ 2019వి. ఒకదాని ఆర్సీలో ఇంకా హైపోథికేషన్ ఉంది. లోను తీరిపోయిందంటున్నాడు ఓనరు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే అడ్వాన్సు ఇస్తానని చెప్పాను. రెండోదానికి కాగితాలు శుభ్రంగానే ఉన్నాయి, ఫారం 29, 30 మీద సంతకాలకి ఓనరు సిద్ధం. ఈ ఆదివారం నాన్నని తీసుకెళ్ళి ఎక్కించి దించి చూడాలి. మూడో వరసలో బెల్టులు లాగి చూసే పని పిల్లలకి అప్పజెప్పాను.