ఏ స్కోరు పంపాలి, ఏది ఆపుకోవాలి

అమెరికాలో కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఎస్ఏటీ పరీక్ష తొలిసారి 1926 జూన్ 23న జరిగింది. దాదాపు 8,000 మంది రాశారు. పరీక్షను రూపొందించిన కార్ల్ బ్రిగమ్ ప్రిన్స్‌టన్‌లో మనస్తత్వ శాస్త్రం బోధించేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు పెట్టిన తెలివి పరీక్షలే దీనికి మాతృక. జాతిని బట్టి తెలివిలో హెచ్చుతగ్గులుంటాయని 1923లో పుస్తకం రాసిన ఈ మనిషే, ఆ నిర్ధారణలకు ఆధారం లేదని 1930లో ఒప్పుకున్నాడు. పరీక్ష మాత్రం నిలదొక్కుకుంది. పేరున్న ఖరీదైన స్కూళ్ళ బయట చదివే తెలివైన పిల్లలను వెతకడానికి హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కొనాంట్ 1930ల్లో దాన్ని వాడుకున్నాడు. అక్కడి నుంచి అది దేశమంతా పాకింది.

ఆ రోజుల్లో ఏ స్కోరు పంపాలన్న ప్రశ్నే లేదు. ఫలితాలు స్కూలుకూ కాలేజీకీ వెళ్ళేవి. రాసిన పిల్లవాడికి తన స్కోరు నేరుగా తెలిసే పద్ధతి 1950ల చివరిదాకా రాలేదు. తన గురించి పెద్దలు తేల్చిన అంకె తనకే తెలియకపోవడం మామూలు విషయమన్నట్టు మూడు దశాబ్దాలు గడిచాయి. ప్రశ్నలనూ జవాబులనూ చూసుకునే హక్కు ఇంకా ఆలస్యంగా, 1979లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టంతో వచ్చింది. ఈలోగా 1959లో అయోవాలో ఏసీటీ అనే పోటీ పరీక్ష పుట్టింది. రెండిట్లో ఏది రాయాలన్నదే విద్యార్థి చేతికొచ్చిన తొలి ఎంపిక.

అసలు స్కోరే పంపకపోయినా ఫరవాలేదని మొదట ధైర్యంగా చెప్పిన పేరున్న కాలేజీ మెయిన్ రాష్ట్రంలోని బోడన్. అది 1969 మాట. అదే రాష్ట్రంలోని బేట్స్ 1984లో ఆ దారి పట్టింది. చాలా ఏళ్ళు ఇది చిన్న కాలేజీల ప్రత్యేకతగానే ఉండిపోయింది.

అసలు రగడ ‘స్కోర్ ఛాయిస్’ మీద మొదలైంది. ఎస్ఏటీ సబ్జెక్టు పరీక్షల వరకు, వాటిని నిర్వహించే కాలేజ్ బోర్డ్ 1993లో ఒక వెసులుబాటు ఇచ్చింది. ఫలితం చూసుకుని, నచ్చితేనే విడుదల చేయమనవచ్చు. 2002లో దాన్ని ఎత్తేశారు. మళ్ళీ మళ్ళీ పరీక్ష ఫీజు కట్టగలిగిన ఇళ్ళ పిల్లలకే అది కలిసొస్తోందన్న విమర్శ ఒకటి. విడుదల చేయమని చెప్పడమే మరిచిపోయి గడువు దాటించుకున్న పిల్లల బాధ మరొకటి. తర్వాత జరిగిన ప్రతి మలుపులోనూ ఈ రెండు కారణాలే తిరిగి కనిపిస్తాయి. ఎంచుకునే హక్కు అందరికీ ఒకేసారి ఇచ్చినా, ఎంచుకోవడానికి కావలసిన డబ్బూ సమాచారమూ అందరికీ ఒకేసారి అందవు. ఈ చరిత్రలో నన్ను బాధించేది అదే.

2009 మార్చి నుంచి స్కోర్ ఛాయిస్ ఎస్ఏటీకి కూడా వచ్చింది. అంతకుముందు రాసిన ప్రతిసారి స్కోరూ ఒకే నివేదికలో వెళ్ళిపోయేది. ఏ తేదీ స్కోరు పంపాలో చెప్పే వీలు ఏసీటీలో అప్పటికే ఉంది. స్టాన్‌ఫర్డ్, కార్నెల్, పెన్ వంటి విశ్వవిద్యాలయాలు ఒప్పుకోలేదు, అన్నీ పంపాల్సిందే అన్నాయి. ఈ నియమం నిలిచేది విద్యార్థి నిజాయితీ మీదే, ఎందుకంటే ఏవి పంపమంటే కాలేజ్ బోర్డ్ అవే పంపుతుంది. మరోపక్క చాలా కాలేజీలు సూపర్‌స్కోరుకు అలవాటు పడ్డాయి. మార్చిలో వచ్చిన లెక్కల స్కోరునూ అక్టోబరులో వచ్చిన ఇంగ్లిష్ స్కోరునూ కలిపి మంచి మొత్తం చూసుకోవడమన్న మాట. దీనివల్ల విద్యార్థికి మేలు, ర్యాంకింగుల్లో తమ సగటు పెరుగుతుంది కాబట్టి కాలేజీకీ మేలు. ఒక్కసారే ఫీజు కట్టగలిగిన పిల్లకు మాత్రం సూపర్‌స్కోరు అనేదే లేదు.

ఎంపికకు చిన్న ధర కూడా ఉంది. ఎస్ఏటీలో ఉచితంగా పంపుకునే నాలుగు నివేదికలకు కాలేజీల పేర్లు స్కోరు తెలియకముందే చెప్పాలి. చూసుకున్నాక పంపాలంటే ఒక్కోదానికి రుసుము కట్టాలి. పేద విద్యార్థులకు ఇందులో మినహాయింపు ఉంది. కాలేజీలు చాలావరకు దరఖాస్తులో విద్యార్థి స్వయంగా రాసిన స్కోరును ముందు ఒప్పుకుని, సీటు వచ్చాక అసలు నివేదిక అడగడం కూడా కొంత ఊరట.

2020లో కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడ్డాయి. చాలా కాలేజీలు స్కోరును ఐచ్ఛికం చేశాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంకో అడుగు వేసి, పంపినా చూడబోమంది. అలా, ఏ తేదీ స్కోరు పంపాలన్న ప్రశ్న అసలు పంపాలా వద్దా అన్న ప్రశ్నగా మారింది. ఎక్కువ వచ్చినవాళ్ళే పంపడంతో కాలేజీలు ప్రకటించే స్కోర్ల శ్రేణి పైకి జరిగింది. దాన్ని చూసి భయపడి ఇంకొందరు ఆపుకున్నారు. మరుసటి ఏడాది శ్రేణి ఇంకా పైకి పోయింది.

ఎంఐటీ 2022 మార్చిలోనే పరీక్షను మళ్ళీ తప్పనిసరి చేసింది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది 2024 ఫిబ్రవరిలో డార్ట్‌మత్ తీసుకున్న అదే నిర్ణయం. అక్కడి ఆచార్యులు నలుగురు పాత దరఖాస్తులను పరిశీలించారు. తక్కువ ఆదాయం గల ఇళ్ళ నుంచి వచ్చి, కుటుంబంలో తొలిసారి కాలేజీ మెట్టెక్కుతున్నవాళ్ళలో కొందరు 1600కు 1400 ప్రాంతంలో స్కోరు వచ్చినా పంపలేదని తేలింది. డార్ట్‌మత్ సగటు కంటే అది తక్కువే. కానీ ఆ పిల్లల స్కూలులో, వాళ్ళ పరిస్థితుల్లో అది ఎంతో ఎత్తైన అంకె. పంపి ఉంటే సీటు వచ్చే అవకాశం బాగా పెరిగేది. ఆ పిల్లలను రక్షిస్తుందనుకున్న వెసులుబాటే వాళ్ళ చేత తమ బలాన్ని దాచేయించింది. పక్క స్కూల్లో కౌన్సెలరున్న పిల్లలు ఏది పంపాలో అడిగి తెలుసుకున్నారు. వీళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

ఆ తర్వాత యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ వరసగా పరీక్ష వైపు తిరిగాయి. యేల్ మాత్రం ఎస్ఏటీ, ఏసీటీలకు బదులు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పరీక్షల ఫలితాలు ఇచ్చినా చాలంది. కొలంబియా 2023లో శాశ్వతంగా ఐచ్ఛికం అని ప్రకటించింది. జార్జ్‌టౌన్ అన్ని స్కోర్లూ కావాలనే పట్టు వదల్లేదు. దాంతో ఈ కాలేజీలన్నిటికీ దరఖాస్తు చేసే ఒకే పిల్ల ఒక్కోచోట ఒక్కో నిర్ణయం తీసుకోవాలి.

డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఇది ఇంకా కొత్త. వాళ్ళు పెరిగినచోట ఎంసెట్ ర్యాంకు దాచుకునేది కాదు. ఇప్పుడు జేఈఈ మెయిన్ రెండుసార్లు రాసినా మంచి స్కోరును పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏయే తీసుకుంటుంది, విద్యార్థి ఎంచుకునే పని లేదు. అందుకే ఇక్కడ కాలేజీ ప్రకటించిన శ్రేణిలో కింది అంకెకు పది పాయింట్లు తగ్గితే చాలు, పంపొద్దని తీర్మానించేస్తారు. నేను వాళ్ళకు చెప్పేది ఒక్కటే. స్కోర్లను ఆయా స్కూళ్ళ నేపథ్యంలో చదువుతామని డార్ట్‌మత్ బాహాటంగానే చెప్పింది. అలా చెప్పే కాలేజీకి దరఖాస్తు చేసేటప్పుడు కాలేజీ సగటు కంటే ముందు మీ అమ్మాయి స్కూలు సగటు చూడండి. అంతకంటే బాగా పైన ఉంటే పంపండి.