ఒక బెర్తు, అయిదు ఊళ్ళ లెక్క



మా బరంపురం నుంచి సికింద్రాబాదు వెళ్ళి రావాలనుకోండి. వెళ్ళేటప్పుడు ఎక్కే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాలో బయలుదేరిన బండి. వచ్చేటప్పుడు ఎక్కేది సికింద్రాబాదులో బయలుదేరే బండి. రెండు టిక్కెట్లూ ఒకే కిటికీ దగ్గర అడుగుతాం, గుమాస్తా అక్కడికక్కడే ఇస్తాడు. ఇందులో వింతేముంది అంటారు మా పిల్లలు. రిజిస్టర్ల కాలం చూసిన వాళ్ళకు మాత్రం వింతే.

అప్పట్లో ఒక్కొక్క స్టేషనుకు ఇన్ని బెర్తులని కోటా ఉండేది. తిరుగు ప్రయాణం సంగతి అడగాలంటే అవతలి స్టేషనుకు తంతి పంపి, జవాబు కోసం కాచుకోవాలి. రాయవేలూరుకు రోగిని తీసుకువెళ్ళేవాళ్ళు వెళ్ళే బెర్తు చూసుకుని, వచ్చే బెర్తు భారం దేవుడిమీద వేసేవారు.

ఆ కోటా పద్ధతిని నేను చులకన చేయను. ఒకరినొకరు అడిగే వీలు లేనప్పుడు, ఎవరి వాటా వారికి ముందే పంచిపెడితే ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడుపోదు. నష్టమల్లా ఒకటే. ఒక ఊళ్ళో బెర్తులు మిగిలిపోతుంటే, ఇంకో ఊళ్ళో జనం వెయిటింగ్ లిస్టులో ఉంటారు.

1985-86లో ఢిల్లీలో 'ఇంప్రెస్' అనే పేరుతో కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చింది. దాన్ని తయారుచేసింది సి.ఎం.సి. సంస్థ. తరువాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకూ వచ్చింది. కానీ ఏ ఊరి కంప్యూటరు ఆ ఊరిదే. సికింద్రాబాదు లెక్క మద్రాసుకు తెలియదు.

అన్ని లెక్కలూ అయిదు చోట్లా నకలు తీసి పెడితే సరిపోదా? మా బడిలో మార్కుల పట్టీ ఒకటి స్టాఫ్ రూములో, ఒకటి ఆఫీసులో ఉంటుంది. ఒకదాంట్లో దిద్దుతాం, రెండోదాంట్లో మరిచిపోతాం. తండ్రి వచ్చి అడిగితే ఒకే పిల్లవాడికి రెండు రకాల మార్కులు! బెర్తు విషయంలో అలా జరిగితే, అర్ధరాత్రి పెట్టెలో ఒకే బెర్తు దగ్గర రెండు కుటుంబాలు నిలబడతాయి.

అందుకని 'క్రిస్' అనే రైల్వే సంస్థ 'కాన్సర్ట్' అనే కొత్త ఏర్పాటు చేసింది. అది మొదట మొదలైంది 1994 సెప్టెంబరులో, సికింద్రాబాదులోనే. ఒక బండి లెక్క ఒక్క చోటే ఉంటుంది. ఎక్కడి నుంచి అడిగినా ప్రశ్న ఆ చోటికే వెళ్ళాలి, జవాబు అక్కడినుంచే రావాలి. అలా ప్రశ్నల్ని చేరవేయడానికి డిజిటల్ కంపెనీవారి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ వాడారు.

అక్కడితో చిక్కు తీరలేదు. డబ్బు ఒక ఊళ్ళో కట్టాం, బెర్తు ఇంకో ఊళ్ళో ఉంది, నడుమ లైను తెగింది. అప్పుడు ఏమిటి గతి? దీనికి 1970లలో దొరికిన ఉపాయం 'టూ ఫేజ్ కమిట్'. జిమ్ గ్రే అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1978లో దీన్ని వివరంగా రాశారు. మన తాంబూలాల వంటిదే. ముందు ఉభయపక్షాలనూ సమ్మతమేనా అని అడుగుతారు. ఇద్దరూ సరే అంటేనే ఖాయం. ఒకరు కాదంటే ఎవరికీ లేదు. అయితే సరే అన్నవారు తుదిమాట వచ్చేదాకా ఇంకో సంబంధం చూడకూడదు. కంప్యూటరు కూడా అంతే, ఆ బెర్తును ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని కూర్చుంటుంది. తప్పు జవాబు కంటే ఆలస్యం మేలని ఒప్పుకోవడమే అది. నాకైతే సమంజసంగానే తోస్తుంది.

ఒక ఫిర్యాదు తరచు వింటాం: "రెండు బెర్తులున్నాయన్నాడు, ఫారం ఇచ్చేసరికి లేవన్నాడు." రెండు మాటలూ నిజమే కావచ్చు. చెప్పిన క్షణానికి ఉన్నాయి, ఈలోగా ఇంకెక్కడో ఎవరో కొనుక్కున్నారు. ఉందని చెప్పడం వేరు, మన పేరున రాయడం వేరు.

అయిదు కేంద్రాలనూ కలిపే పని 1999 ఏప్రిల్‌లో పూర్తయింది. రాయవేలూరు వెళ్ళే రోగి బంధువు, ఇంటి దగ్గర బండెక్కకముందే తిరుగు టిక్కెట్టు కూడా జేబులో వేసుకోగలిగాడు.