అమ్మ నుంచే వస్తాయా? మైటోకాండ్రియా జబ్బుల గురించి

నలభై ఏళ్ళకే షుగరు, దానితోబాటు చెవుడు. వాళ్ళ అమ్మగారికీ అంతే. “మా వంశంలోనే ఉందండీ” అని ఊరుకుంటాం. కానీ ఈ రెండూ కలిసి తల్లి వైపు నుంచి వస్తుంటే డాక్టరుకు చెప్పి తీరాలి. అది మైటోకాండ్రియా జబ్బు కావచ్చు.

ఎర్ర రక్తకణాల్లో తప్ప మన కణాలన్నిట్లోనూ మైటోకాండ్రియా ఉంటాయి. తిన్న తిండి నుంచి, పీల్చిన ఆక్సిజన్ సాయంతో ఏటీపీ అనే ఇంధనం తయారుచేయడం వీటి పని. అది కుంటుపడితే ముందు దెబ్బతినేవి శక్తి ఎక్కువ కావలసిన మెదడు, కళ్ళు, చెవులు, గుండె, కండరాలు. ఒకరికి కనురెప్పలు వాలిపోతాయి, ఒకరికి మూర్ఛలు, ఇంకొకరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇలా పొంతన లేని లక్షణాల వల్ల జబ్బు పేరు తేలడానికే ఏళ్ళు పట్టవచ్చు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటాయని అంచనా.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది, అందులో 37 జన్యువులు. దాని పూర్తి క్రమాన్ని 1981లో మన కేంబ్రిడ్జిలోనే ప్రకటించారు. ఇది తల్లి నుంచి బిడ్డలందరికీ వస్తుంది, కొడుకుల ద్వారా మాత్రం ముందుకు పోదు. మంచి డీఎన్ఏ, చెడ్డ డీఎన్ఏ ఒకే కణంలో కలిసి ఉండవచ్చు, ఆ పాళ్ళు బిడ్డబిడ్డకీ మారతాయి. అందుకే అక్క మంచాన పడితే చెల్లెలు హాయిగా తిరుగుతుంది.

అలాగని అంతా తల్లి మీదకు నెట్టకూడదు. మైటోకాండ్రియాకు కావలసిన ప్రోటీన్లలో వెయ్యికి పైగా కణకేంద్రకంలోని జన్యువుల నుంచే వస్తాయి. అవి అమ్మానాన్నలిద్దరివీ. పసిపిల్లల్లో వచ్చే జబ్బుల్లో చాలావరకు ఈ రకమే. మేనరికాల్లో ఇద్దరూ ఒకే లోపాన్ని మోసే అవకాశం ఎక్కువ. కోడలిని ఆడిపోసుకునేవారు ఈ ముక్క గమనించాలి!

చాలా రకాలకు పూర్తిగా నయంచేసే మందు లేదు. అయినా జబ్బు పేరు తెలియడం వల్ల లాభముంది. ఒక రకం లోపం ఉన్నవారికి జెంటమైసిన్ ఇంజక్షనుతో శాశ్వతంగా చెవుడు రావచ్చు. మరొక రకంలో మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

లోపాన్ని బిడ్డకు రాకుండా ఆపే ఐవీఎఫ్ పద్ధతిని 2015లో బ్రిటన్ చట్టబద్ధం చేసింది. దాత అండంలోని మంచి మైటోకాండ్రియాను వాడతారు. దీనితో ఎనిమిది మంది పిల్లలు పుట్టారని న్యూకాజిల్ బృందం 2025 జులైలో ప్రకటించింది. హైదరాబాదులో సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ గారి బృందం ఈ జబ్బుల జన్యువులపై పరిశోధన చేసింది.

స్టాన్‌మోర్‌లో మనకు ఎముకల ఆసుపత్రి దగ్గరే కానీ, వీటికి ఎన్‌హెచ్‌ఎస్ ప్రత్యేక కేంద్రాలు లండన్ క్వీన్ స్క్వేర్, ఆక్స్‌ఫర్డ్, న్యూకాజిల్‌లలో ఉన్నాయి. ముందు జీపీని కలవండి. అమ్మమ్మ, మేనమామలు, పిన్నుల జబ్బులు, ఇండియాలోని రిపోర్టులతో సహా, ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి.